కేకేసి చెప్పిన పాస్‌వర్డ్

కంప్యూటర్ నేర్చుకున్నాక నాకు పొగరెక్కిందని మా ఇంట్లో ఇవాళ తేల్చేశారు.

నరసరావుపేటలో ఒక పత్తి మిల్లులో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఏ పార్టీకి ఏ రేటు చెప్పామో అంతా ఆ పెట్టెలోనే ఉంటుంది. పోటీ మిల్లుకు తెలిస్తే మా పార్టీలన్నీ అటు పోతాయి. ఆ పోటీ మిల్లు బ్రోకరే మా మేనమామ. మధ్యాహ్నం తీరిగ్గా వచ్చి నా పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"ఏమే, ఆ పాస్‌వర్డ్ ఏందో చెప్పు. రేట్లు చూసుకుని పోతా."

"చెప్పకూడదు మావయ్యా."

"నేనేమన్నా దొంగనా? నిన్ను ఎత్తుకు తిరిగినోణ్ణి!"

పోటీవాడైనా సరే, మిల్లుకొచ్చిన మనిషికి లేదనడం మా ఓనరుకు నామోషీ. కాటా దగ్గర నుంచే కేకేశాడు.

"మీ మావయ్య కాడ దాపరికమేందమ్మా? మా పాప పేరేగా, పద్మావతి!"

హమాలీలు, లారీ డ్రైవర్లు, పత్తి తెచ్చిన రైతులు, అందరూ విన్నారు. మావయ్య నవ్వుతూ కీబోర్డు మీదికి వంగాడు. నేను స్విచ్ ఆపేశాను. ఆయన చెప్పులేసుకుని నేరుగా మా ఇంటికే వెళ్లాడు.

ఇప్పుడు అమ్మ, వెళ్లి మావయ్యను బతిమాలుకోమంటోంది. మీ ఇళ్లలోనూ బంధుత్వమంటే ఇంతేనా?

సాయంత్రం పాస్‌వర్డ్ మార్చేసి వచ్చాను. ఓనరుకు రేపు చెవిలో చెబుతాను. మావయ్యకు చెప్పను.