బేడికె అంటే వద్దనుకున్నాను

నాకు కన్నడం వచ్చని నమ్మిన రోజుల్లో, మా క్యాంపు ఓటుపెట్టెను నా చేతులారా పక్క ఊరికి సాగనంపాను. మోసం చేసిన మనిషి సంగతి తరవాత చెబుతాను గానీ, ముందు నా తెలివితక్కువతనం ఒప్పుకోవడం మర్యాద.

మాది బళ్ళారి జిల్లాలో కాలవ కింద వరి పండించుకునే ఆంధ్రోళ్ళ క్యాంపు. మా అత్తగారి కుటుంబం ముందే కోస్తా నుంచి వచ్చి స్థిరపడితే, నేను ఇల్లరికపు అల్లుడిగా వెనకాల వచ్చాను. క్యాంపులో ఒకే ఒక్క గది బడి. ఎన్నికలప్పుడు అదే పోలింగ్ బూత్. అత్తగారి గుమ్మం నుంచి నలభై అడుగులు. ఆవిడకు తుంటి ఎముక విరిగి సరిగా అతకలేదు. అయినా ప్రతి ఎన్నికకూ పట్టుచీర కట్టి, కర్ర పట్టుకుని, వరసలో అందరికన్నా ముందు నిలబడేది. "ఈ దేశంలో మనల్ని అందరూ ఆంధ్రోళ్ళనే అంటారు. పేరు పెట్టి పిలిచేది ఆ ఒక్కరోజే" అనేది.

ఎనభైల్లో ఒకసారి, ఓటర్లు తక్కువున్న బూతులను పక్కవాటిలో కలిపేస్తారని కబురొచ్చింది. కలిపితే మేం మూడు మైళ్ళ అవతలి పెద్ద ఊరికి పోవాలి. అత్తగారు నావంక చూసింది.

"అల్లుడుగారూ, ఆఫీసుల చుట్టూ తిరగడం మీకు సరదాయేగా. ఈ ఒక్కటీ చూసిపెట్టండి."

ఆ పెద్ద ఊళ్ళో నాకొక స్నేహితుడుండేవాడు. టైలరు. ఊరందరికీ కన్నడంలో అర్జీలు కూడా అతనే రాసిపెట్టేవాడు. బట్టనూ మాటనూ సరిగ్గా ఎక్కడ కత్తిరించాలో తెలిసినవాడు. అడిగిన రెండోరోజే అర్జీ చేతిలో పెట్టాడు.

"ఒకసారి చూసుకో అప్పా. నీకు కన్నడ ఓదేకి వస్తాది గదా."

చదవడం రాకేం? కన్నడ అక్షరాలు మన అక్షరాలకు మేనత్త కొడుకులు. తలకట్టు ఒక్కటే కాస్త తేడా. పైన పెద్ద అక్షరాలతో "మతగట్టె విలీనక్కె బేడికె" అని ఉంది. మతగట్టె అంటే పోలింగ్ బూత్. విలీనం మన విలీనమే. ఇక బేడ అంటే వద్దని బళ్ళారి బజారులో రోజూ వింటూనే ఉన్నాను. బేడ వద్దయితే, బేడికె ఇంకాస్త గట్టి వద్దు అయి ఉంటుందని నాకు నేనే ఒక వ్యాకరణం రాసుకుని, కింది సన్నక్షరాల జోలికి పోలేదు.

"బేడికె! గట్టిగా వద్దన్నావు" అని మెచ్చుకున్నాను.

అతను నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. తరవాత పళ్ళ మధ్య ఉన్న గుండుసూది తీసి, "గట్టిగానే రాసినానప్పా. సంతకాలు జాస్తి పెట్టించు" అన్నాడు.

పెట్టించాను. మొదటి సంతకం నాదే, తోకతో సహా. అత్తగారి బొటనవేలికి సిరా రాసి, నేనే పట్టుకుని ముద్ర వేయించాను.

రెండు నెలలకు నోటీసు వచ్చింది: క్యాంపువాసుల కోరిక మేరకు వారి బూతును పెద్ద ఊరి బూతులో కలపడమైనది. తాలూకా ఆఫీసుకు పరుగెత్తాను. గుమాస్తా ఫైలు తీశాడు.

"ఏన్ స్వామీ, కలపమని మీరే అడిగి, ఇప్పుడు బేడ అంటాండారే?"

"బేడ అనే కదండీ రాశాం. ఇదిగో, బేడికె!"

అతను పక్క టేబుళ్ళ వాళ్ళను కూడా వినడానికి పిలిచాడు. "బేడ అంటే వద్దు. బేడికె అంటే కోరిక, స్వామీ. కలపండని వేడుకున్నారు మీరు. సంతకం చూడండి, ఎంత చందంగా ఉండాదో!"

మతగట్టె గురించి మాట్లాడేవాడికి ముందు మతి గట్టిగా ఉండాలి.

టైలరు బావమరిది పంచాయతీకి నిలబడబోతున్నాడని, మా క్యాంపు ఓట్లు అతనికి పడవని ఆ గుమాస్తాల మాటల్లోనే అప్పుడు తెలిసింది. దూరం పెరిగితే సగంమంది రారని వాళ్ళ ఆశ. అక్కణ్ణుంచి నేరుగా దుకాణానికి వెళ్ళాను.

"తెలిసే రాశావా?"

మిషను తొక్కడం ఆపలేదు. "నేనేం దాచలేదే. నీ చేతికే ఇచ్చినా, నీవే ఓదుకొంటివి."

"నేను తప్పు చదివానని నీకు తెలుసు."

"తెలుసు. అంత ఖుషీగా ఉంటివి, ఏల చెడగొట్టేదని ఊరికుంటినప్పా."

అబద్ధమాడి ఉంటే పోట్లాడేవాణ్ణి. పదేళ్ళుగా నా వంకర కన్నడాన్ని నవ్వుతూ దిద్దినవాడు, ఆ ఒక్క మాటా దిద్దలేదు.

తరవాతి అసెంబ్లీ ఎన్నికనాడు అత్తగారు పట్టుచీర కట్టి అరుగు మీద కూర్చుంది. ఎడ్లబండి కుదుపుకు ఆ తుంటి ఓర్వదు. మధ్యాహ్నం దాకా కూర్చుని, లోపలికి వెళ్ళి చీర మార్చుకుంది. నన్ను నాలుగు తిట్టి ఉంటే నాకు అన్నం సహించేది.

పంచాయతీ ఎన్నిక నాటికి నేను కాస్త తెలివి తెచ్చుకున్నాను. ట్రాక్టరు ట్రాలీలో మోకాలెత్తు వరిగడ్డి పరిచి, పైన పరుపు వేసి, ఆవిణ్ణి పడుకోబెట్టాను. చుట్టూ క్యాంపు ఆడవాళ్ళు, చంటిపిల్లలు. నత్తనడకన తోలించి, పొద్దున్నే పెద్ద ఊరి బడికి చేర్చాను. బడికి ఎదురిల్లు టైలరుది. ట్రాలీ సరిగ్గా అతని గుమ్మం ముందు ఆపించాను.

"ఏందప్పా, ఊరు ఊరంతా నా ఇంటికాడ దింపుతాండావు?"

"మూడు మైళ్ళ నుంచి వచ్చాం. ఈ ఊళ్ళో నువ్వు కాక మాకెవరున్నారు?"

అత్తగారు మొదటి ఓటు వేసి వచ్చి, అతని వసారాలో మంచం మీద కాళ్ళు చాపుకుంది. "నాయనా, కాస్త కాఫీ పెట్టించు. చక్కెర రెండు చెంచాలు" అంది. ఒక జట్టు తాగి లేస్తే ఇంకో జట్టు ఓటేసి వచ్చి కూర్చుంది. పిల్లలకు పాలన్నారు, ముసలాళ్ళకు వేణ్ణీళ్ళన్నారు. వచ్చిన చుట్టాలను పొమ్మంటే ఊళ్ళో పరువు పోతుంది. బావమరిది తరఫున బూతు గేటు దగ్గర నిలబడి మనుషులను పట్టాల్సిన వాడు పాలకోసం వీధులు పట్టుకు తిరిగాడు.

ఆ ఎన్నికలో బావమరిదే గెలిచాడు, దాచను. కానీ ఆ రోజు అతను తన బావను పిలుచుకు రమ్మని నాలుగోసారి మనిషిని పంపినప్పుడు, ఆ బావ పెరట్లో మా ఎంగిలి గ్లాసులు కడుగుతున్నాడు. "కడిగాక వస్తాడులే, పో" అని మంచం మీద నుంచి అత్తగారే చెప్పి పంపింది.