వదిన పెదాల దాకా వచ్చిన గ్లాసు

మా ఆడపడుచు ఒక పంపుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌కి ఇన్‌చార్జి. అక్కడివాళ్లు ఆమెను జడ్జమ్మ అంటారు. కొత్త సరుకు ఏది వచ్చినా, బియ్యమైనా నూనైనా, ముందు కాస్త వండి తానే తినాలి. ఒక రాత్రి గడవాలి. పొద్దున్నే కడుపు బాగుంటేనే ఆ సరుకు గోడౌన్‌లోకి వెళుతుంది, లేకపోతే తెచ్చినవాడు బస్తా భుజానేసుకుని వచ్చిన దారినే పోవాల్సిందే. "ముందు నేను బతికుంటే కదా, తర్వాత వాళ్లకి పెట్టేది" అని నవ్వుతుంది. అలా రుచి చూసీ చూసీ ఒళ్లు బాగా పెరిగింది. ఆమె గుమ్మంలో నిలబడితే వెనకాల ఎవరొచ్చారో తెలియదు. ఆ మాట నేను మొహం మీదే అంటాను. ఆమె నన్ను గడకర్ర అంటుంది. మా ఇద్దరి మధ్య దాపరికాలు లేవు.

మా అత్తగారు పోయేనాటికి మా ఆయన ఇంకా నిక్కర్లు వేసుకునే పిల్లాడు. పెంచి పెద్దచేసింది వదినే. పెళ్లి చేసుకోమని చుట్టాలు పోరుపెడితే, "ఈ మొద్దునే మేపలేక చస్తున్నా, ఇంకో మొద్దెందుకు నాకు?" అనేదట. ఇప్పటికీ మా ఇంటికొస్తే ముందు వంటింట్లోకి పోయి గిన్నెల మూతలు తీసి చూస్తుంది. నాకు ఒళ్లు మండుతుంది. అయినా ఆమె వేసిన ఉప్పుతోనే కూరకు రుచి వస్తుంది, ఏం చేయను?

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఒకప్పుడు ఆయనా లావే. క్యాబిన్ పైకప్పు సందులోంచి దూరలేకపోతే ఆఫీసులో కూర్చోబెడతానని యజమాని బెదిరించాడు. అప్పట్నుంచి తెల్లారేసరికి బూట్లు వేసుకుని నడకకు వెళ్లేవాడు. కొన్నాళ్లకే సగం మనిషయ్యాడు. నా సంబరం చూడాలి. మగాడంటే అలా పట్టుదల ఉండాలని వీధి వీధంతా చాటింపు వేసి, పక్కింటావిడ భర్తకు నిద్ర లేకుండా చేశాను.

పోయిన ఏడాది ఆ మనిషే పనిచేస్తూ మెట్ల మీద కూలబడ్డాడు. రెండు కిడ్నీలూ చెడిపోయాయన్నారు ఆసుపత్రిలో. ఎందుకంటే, కారణం అంతుపట్టడం లేదన్నారు. షుగరు లేదు, వంశంలో ఎవరికీ లేదు. కిడ్నీ ఎవరిస్తారా అని నేను చుట్టాలను వేళ్లమీద లెక్కపెట్టుకుంటున్నాను. వదిన మాత్రం క్షణం ఆలోచించలేదు. "నాకు రెండున్నాయిగా, వాడికొకటి ఇస్తా" అంది, పక్కింటికి చెంచాడు పంచదార ఇస్తున్నంత తేలిగ్గా.

పరీక్షలన్నీ కలిశాయి. అడ్డం వచ్చింది ఆమె బరువొక్కటే. తగ్గితేగానీ కత్తి పట్టనన్నాడు సర్జన్. ఆసుపత్రిలోనే తిండి సంగతి చెప్పే ఆవిడ ఉంది, ఆమె చెప్పినట్టు చేస్తే నెమ్మదిగా, క్షేమంగా తగ్గుతారని అన్నాడు. నెమ్మదిగా అన్న మాట వదినకు నచ్చలేదు. డయాలసిస్ నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకునే తమ్ముణ్ణి చూస్తే ఎవరికి మాత్రం నచ్చుతుంది?

"బజార్లో బ్యాంకు మేడ మీద బరువు తగ్గించే సెంటర్ ఉందట, తొందరగా తగ్గిస్తారట" అంది ఒకరోజు. "వాడిలా నడుద్దామంటే నా మోకాళ్లు ఒప్పుకోవు. పోయి చూసొద్దాం పద."

మంచం మీంచి మా ఆయన తల తిప్పాడు. "ఏ మేడ?" అన్నాడు. వదిన చెప్పింది. "నీ ఇష్టం అక్కా" అని మళ్లీ గోడవైపు తిరిగాడు.

సెంటర్ అద్దాల తలుపులతో చల్లగా, మంచి వాసనతో ఉంది. గోడ నిండా జంట ఫొటోలు: ముందు లావు, తర్వాత సన్నం. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది.

"డాక్టరమ్మా..." అని మొదలుపెట్టింది వదిన.

"డాక్టర్ని కాదండి, కోచ్‌ని."

"మరి ఈ కోటేంటమ్మా?"

"కంపెనీవాళ్లు ఇచ్చారండి."

నేను నోరు వెళ్లబెట్టాను. వదిన నా చెయ్యి గిల్లింది. సరుకు బేరమాడేటప్పుడు ఆమె మొహం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను.

"ఈ పొడిలో ఏమేం కలుపుతారు?"

"అన్నీ మూలికలేనండి. సహజం."

"ఉమ్మెత్తకాయ కూడా సహజమే తల్లీ. పేర్లు చెప్పు."

"అది కంపెనీ రహస్యమండి."

"సరే. మూడేళ్ల కింద చేరినవాళ్లు ఇప్పుడెలా ఉన్నారు? ఒక్కరిని చూపించు, నేను మాట్లాడతా."

అమ్మాయి గోడమీది ఫొటోలు చూపించింది. "ఫొటోలతో ఏం మాట్లాడను?" అంది వదిన. పాతవాళ్ల వివరాలు బయటికి చెప్పకూడదట. ఇక లాభం లేదని వదిన అసలు సంగతి చెప్పేసింది: తమ్ముడికి కిడ్నీ ఇవ్వాలి, అందుకే ఈ తొందర.

ఆ పిల్ల చప్పట్లు కొట్టినంత పనిచేసింది. "అయితే ఇంకా మంచిదండీ! మా పొడి తాగితే కిడ్నీలు కూడా శుభ్రపడతాయి."

కిడ్నీలేమన్నా అంట్ల గిన్నెలా, పొడి వేసి తోమడానికి? చివరికి ఒక పొట్లం చేతిలో పెట్టింది. ముందు ఉచితంగా తాగి చూడండి, నచ్చితేనే చేరండి అంది. ఆ మాట వినగానే వదిన మొహం విప్పారింది. తాగి చూడమన్నవాడు ఆమె లెక్కలో సగం నిజాయితీపరుడు.

"ఈ పిల్లకి ఏమీ తెలియదు వదినా. డాక్టర్ని అడిగి తాగండి" అని దారంతా మొత్తుకున్నాను.

"డాక్టరేమంటాడు, వద్దంటాడు. నా పద్ధతి నాకుంది. తాగుతా, రాత్రి గడుస్తుంది, పొద్దున్న చూద్దాం. ఇన్నేళ్లలో నా కడుపు నన్నెప్పుడూ మోసం చెయ్యలేదు."

ఫ్యాక్టరీలో సరుకు లెక్కలు చూసుకోవడంతోనే వారం రోజులు సరిపోయింది ఆమెకు. ఆ వారమంతా పొట్లం మా వంటింటి అలమరలోనే ఉంది. మా ఆయన నీళ్లకని వచ్చి దాని ముందు నిలబడేవాడు. ఆకలేమో అనుకున్నాను.

ఆదివారం వదిన వచ్చింది. గ్లాసులో పొడి కలిపింది. ఆకుపచ్చటి నురగ పైకి తేలింది. "దేవుడా, నా కడుపులో నిలబడు" అని నవ్వుతూ పెదాల దగ్గర పెట్టుకుంది. అప్పుడు, పొద్దుట్నుంచి లేచి కూర్చోవడానికే ఆపసోపాలు పడుతున్న మనిషి మంచం మీంచి ఎలా లేచాడో, ఎప్పుడు వచ్చాడో తెలియదు, ఒక్క దెబ్బతో ఆ గ్లాసును ఎగరగొట్టాడు. అది పొయ్యిగట్టుకు తగిలి ముక్కలైంది. వదిన చీర నిండా ఆకుపచ్చ మరకలు.

"ఏంట్రా, పిచ్చిపట్టిందా నీకు?"

"ఒక్క రాత్రిలో ఏం తెలుస్తుందక్కా?" అన్నాడు గట్టు పట్టుకుని నిలబడి. "నాకు ఏడాది దాకా తెలియలేదు."

వదిన గట్టుమీది పొట్లం తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇదే పొడి. ఈ వాసన చచ్చినా మర్చిపోను. అప్పుడు వేరే వీధిలో ఉండేది, తర్వాత ఆ మేడ మీదికి మార్చారు. అదే పేరు, అదే పొట్లం."

"మరి నడక?" అన్నాను.

"బూట్లు వేసుకుని అక్కడికే వెళ్లేవాణ్ణి. తాగి, కాసేపు కూర్చుని వచ్చేవాణ్ణి. నువ్వేమో నడిచి తగ్గాడని ఊరంతా చెప్పుకుని మురిసిపోతున్నావు. పొడి తాగానని ఏ మొహంతో చెప్పను?"

"డాక్టర్లు ఎన్నిసార్లు అడిగారండీ! ఏం మందులు వాడారని అడిగి అడిగి అలిసిపోయారు!"

"దీనివల్లేనని ఒప్పుకుంటే, నా కిడ్నీలు నేనే పాడుచేసుకున్నట్టే కదా."

వదిన లాగి చెంపమీద ఒకటి కొట్టింది. వెంటనే ఆయన తలను గుండెకి హత్తుకుని భోరుమంది. ఆ ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు పొట్లం పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాం. ఈ పొడివల్లేనని ఇప్పుడే ఖాయంగా చెప్పలేనని, పరీక్షకు పంపిస్తానని అన్నాడు డాక్టరు. "ఏం కలిపారో చెప్పనిది దేన్నీ తాగకండి. అందులోనూ కిడ్నీ ఇవ్వబోయే మనిషి అసలు ముట్టుకోకూడదు" అని వదినను గట్టిగా కోప్పడ్డాడు. ఆమె తల వంచుకుని విని, తిండి సంగతి చెప్పే ఆవిడ గది ఎక్కడో కనుక్కుంది.

బయట వరండాలో బల్లమీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "చూశావుటే గడకర్రా? నేను తాగితే తొందరగా తగ్గేదాన్ని, వాడికి తొందరగా కిడ్నీ వచ్చేది. అయినా వద్దన్నాడు. వాడికి నేనంటే అంత ప్రాణం." ఆమె మొహం వెలిగిపోతోంది.

నేను తలూపాను.

ముందురోజు ఆమె స్నానాలగదిలో చీర మరకలు కడుక్కుంటున్నప్పుడు, గాజుముక్కలు ఏరుతూ ఆయన్ని ఒక మాట అడిగాను. "ఆ సెంటరేనని మీకు మొదటిరోజే తెలుసు కదా?"

"తెలుసు" అన్నాడు.

అంటే వారమంతా తెలుసు. ఆమె తాగబోతోందని తెలుసు, ఎందుకు తాగబోతోందో తెలుసు, దానివల్ల తనకేం వస్తుందో తెలుసు. ఆ వారం రోజులూ గోడవైపు తిరిగి ఏం ఆలోచించాడో మాత్రం నేను అడగలేదు. నా నోటికి అదుపు లేదని ఊరంతా అంటుంది. అయినా అడగలేదు. అడిగితే నిజం చెప్తాడేమోనని భయం వేసింది.