పైన గోదావరి, అడుగున సముద్రం

ఇప్పుడు ఏదైనా రుజువు చేయాలంటే ముందు ఎదుటివాళ్ల ముఖం చూస్తాను గాని, ఆ రోజుల్లో నాకంత ఓపిక ఎక్కడిది? ఇంజనీరింగు చదువు ముగించి, కాకినాడ అఖాతంలో లోతులు కొలిచే సర్వే పడవలో కొత్తగా చేరాను. వరదల్లో గోదావరి కోరంగి పాయ నుంచి దిగే ఎర్రనీరు ఉప్పునీటికంటే తేలిక కనక పైనే పరుచుకుని, ఒడ్డు వెంట ఉత్తరానికి పాకి, ఇసుకదిబ్బ చాటున వలయం తిరిగి మళ్లీ మా పడవ దగ్గరికే వస్తోందని తెలిసిన రోజున నాకు అన్నం సహించలేదు. (సహించకపోయినా రెండుసార్లు తిన్నాను.)

ఆ సంబరంలో మామయ్యకు చెప్పడమే పొరపాటు. ఆయన కూతురితో నాకు పెళ్లి నిశ్చయమై, ముహూర్తం కూడా పెట్టారు. ఆయన ఉత్తరీయం దులిపి లేచారు.

"సముద్రం మీదికి వెళ్లొచ్చావా? సముద్రమెక్కి భ్రష్టుడైనవాడికి పిల్లనిస్తే రేపు మా ఇంట్లో మంచినీళ్లు ఎవరు ముడతార్రా?"

"సముద్రం కాదు మావయ్యా, గోదావరే! ఒకటి, నీళ్లు ఎర్రన. రెండు, రుచి తియ్యన. మూడు..."

"మూడోది తర్వాత. ముందు రుచి చూపించు. ఉప్పగా ఉందా, పెళ్లి లేదు."

మర్నాడే కోరంగి రేవులో పడవెక్కించాను. ఆయన వంగి, పుడిసెడు నీళ్లు నోట్లో పోసుకుని "గోదావరే" అన్నారు. మడచెట్లు దాటాం, "గోదావరే". పాయ సముద్రంలో కలిసే మొగ దాటాం, "గోదావరే!" చివరికి ఒడ్డు సన్నటి గీతైపోయింది. "ఒరేయ్, తల్లి ఎంతదూరం వచ్చిందిరా!" అని చిన్నపిల్లాడిలా నవ్వారు. ఇక పిల్ల నాదే!

అక్కడితో ఆగవచ్చు కదా? "ఇంకో వింత చూడండి" అంటూ ఆయన రాగిచెంబుకే బిరడా బిగించి, సీసపు గుండు కట్టి, రెండు బారల లోతుకు దింపి, బిరడాకు కట్టిన తాడు లాగి, నిండిన చెంబు పైకి తీసి ఇచ్చాను. ఆయన నోట్లో పోసుకుని తూ అని ఉమ్మేశారు.

"ఉప్పు కషాయం! అయితే కింద ఉన్నది సముద్రమేనన్నమాట!"

పడవ నడిపే సరంగు తెడ్డు ఆపి, "అయితే పంతులుగారండీ, తమరు కూడా సముద్రమెక్కేసినట్టేనాండీ?" అని అడిగాడు.

మామయ్య దూరాన ఉన్న ఒడ్డు చూశారు, చెంబు చూశారు.

"పడవ అడుగు ఎంత లోతుందిరా?"

"మూరెడు, మావయ్యా."

"ఆ మూరెడులో ఉన్నదేంటి?"

"గోదావరండి!"

"మరింకేం! మనం ఉన్నది గోదావరి మీద. కిందదాంతో మనకేం పని? ముందా చెంబు పారబొయ్యి."

పెళ్లి ముహూర్తానికే జరిగింది. ఆ రాగిచెంబు మా ఆవిడతోపాటు మా ఇంటికొచ్చింది. ఏటా ఎర్రనీరు రాగానే, నేను మళ్లీ అడుగునీళ్లు తోడబోతానని, ఆవిడ దాన్ని ఎక్కడో దాచేస్తుంది. పడవెక్కే వయసు దాటిందని తెలిసీ, నేను ఇల్లంతా వెతుకుతూనే ఉంటాను.