రెండో లైను మీదికి రైలు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లి టీ పెట్టుకునే రకం నేను. ఇప్పటికీ వాటిని నమ్ముతానని చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

స్మార్ట్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులు. అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. నా పక్క సీటు ఒక్సానాది, యుక్రెయిన్ అమ్మాయి. మా అపార్ట్‌మెంట్లోనే ఉండేది కాబట్టి నా కారులోనే వచ్చేది.

దారంతా వాళ్ల ఊరి కబుర్లే. రైలు రాకముందు అక్కడ ఊరే లేదట, అన్నీ పొలాలే. చక్కెర మిల్లు కోసం పట్టాలు వేశారు, స్టేషన్ కట్టారు, దాని చుట్టూ ఊరు పెరిగింది. ఒక లైను కీవ్ వైపు, ఇంకోటి ఒడెస్సా వైపు. ఆ స్టేషన్లో మైకులో రైళ్ల రాకపోకలు చెప్పేది వాళ్లమ్మే. ఒక్సానా ఇక్కడికి వచ్చాక ఆమె పోయింది. వీసా చిక్కుల్లో చివరిచూపు కూడా దక్కలేదు.

ఒక మధ్యాహ్నం ఆఫీసు నుంచి త్వరగా బయల్దేరాం. రేడియో పెట్టలేదు. రైల్వే గేటు దగ్గర, నా చెవి పక్కనే, మైకులో ఎవరో ఆడమనిషి మాట్లాడినట్టు వినిపించింది. బ్రేక్ వేశాను. గేటు ఎత్తే ఉంది.

"ఎందుకు ఆపావు?" అంది ఒక్సానా.

"ఎవరో అనౌన్స్ చేస్తున్నారు. నీకు వినపడట్లేదా? ద్రుహు కోలియు... అంటోంది."

ఆమె మొహం పాలిపోయింది. "రెండో లైను మీదికి రైలు వస్తోందని. అది మా అమ్మ చెప్పే మాట."

నేను తేరుకునేలోపే దిగి, పరిగెత్తి, అక్కడున్న రెండు లైన్లలో అవతలిదాని పట్టాల మధ్య నిలబడింది.

గంట మోగింది. గేటు దిగుతోంది. దాని కింద నుంచి దూరి వెళ్లి ఆమె చెయ్యి పట్టి లాగాను. నాకంటే సన్నటి మనిషి, అయినా అంగుళం కదల్లేదు.

"ఒక్సానా, ప్లీజ్! ట్రెయిన్ వస్తోంది!"

"ఒక్కసారి విననివ్వు" అని ఏడుస్తోంది.

నా చెవిలో ఆ గొంతు ఇంకా పలుకుతూనే ఉంది. అది చటుక్కున ఆగిపోయింది. ఆ క్షణమే ఒక్సానా తేలికైపోయి నా మీద పడింది. ఇద్దరం కంకర మీదికి దొర్లాం. ఆమె నిలబడ్డ పట్టాల మీదుగానే గూడ్సు బండి దూసుకుపోయింది.

మా ఆయన ఎండదెబ్బ అన్నాడు. కావచ్చు. కానీ ఆ భాషలో నాకు ఒక్క ముక్క రాదు. ఆ మాట ఒక్సానా నాతో ఎప్పుడూ అనలేదు.

తర్వాత నేను ఆ దారిన పోవడం మానేశాను. ఒక్సానా మాత్రం చాలాసార్లు అక్కడికి వెళ్లి నిలబడిందట. ఏమీ వినపడలేదట. ఊరు మారాక కూడా ఫోన్ చేసి అడిగేది, "అమ్మ గొంతు ఎలా ఉంది?" అని.

"కొంచెం జలుబు చేసినట్టుగా ఉంది" అని చెప్పేదాన్ని. మళ్లీ చెప్పమనేది.

కన్నకూతురు పక్కనే కూర్చుని ఉండగా, ఆ గొంతు నాకే ఎందుకు వినిపించిందో నాకు ఇప్పటికీ తెలియదు.