యాదగిరి బాబాయ్ ముచ్చట, నా ఆరో రౌండ్

నిన్న పొద్దున్నే శ్రీలత ఫోన్. "నాయిన పోయిండక్కా."

షూ లేసులు కట్టుకుంటున్నదాన్ని, అలాగే నేల మీద కూర్చుండిపోయాను.

శ్రీలత వాళ్ల నాన్న, యాదగిరి బాబాయ్. మా ఎల్బీ నగర్ కాలనీ పార్కులో రోజూ జాగింగ్ చేసే పెద్దాయన. కిడ్నీ ప్రాబ్లంతో నెల నుంచి హాస్పిటల్లో ఉన్నారు. ఆదివారానికల్లా పార్కుకొస్తానని నాకు మాటిచ్చారు.

రెండేళ్ల క్రితం నా అవస్థ చెప్తాను వినండి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో నా క్లాసు మూడో ఫ్లోర్. మెట్లెక్కాక ఆయాసం తగ్గి "గుడ్ మార్నింగ్" అనడానికి రెండు నిమిషాలు పట్టేది. పిల్లలు నవ్వేవాళ్లు. గుండెకీ ఊపిరితిత్తులకీ స్టామినా రావాలి, ఏరోబిక్ ఎక్సర్‌సైజ్ చెయ్యమన్నారు డాక్టర్.

మొదటి రోజు అర రౌండ్‌కే బెంచీ మీద పడ్డాను. బాబాయ్ వచ్చి ఒకటే రూల్ చెప్పారు.

"ముచ్చట బందైతే స్పీడ్ తగ్గించు బిడ్డా. గని ఆగకు."

మాది తెనాలి. మాకు ముచ్చటంటే సరదా. ఓహో, నవ్వుతూ పరుగెత్తాలన్నమాట అనుకున్నా.

వారం రోజులు ఆయాసంతో చస్తూ, పళ్లికిలించుకుని మరీ పరుగెత్తాను.

ఆయనే ఆపి అడిగారు, "ఏంది బిడ్డా, పండ్లు నొస్తున్నయా?"

సంగతి చెప్తే కడుపు పట్టుకుని నవ్వారు. "ముచ్చటంటే మాటలు. ఉరుక్కుంట మాట్లాడొస్తే నీ స్పీడ్ కరెక్టున్నట్టు. దమ్మొస్తే జర మెల్లగ."

ఆ తర్వాత చూడాలి మా ఇద్దర్నీ!

నిమిషం జాగింగ్, రెండు నిమిషాలు నడక. ఈ కాలనీ పొలాలుగా ఉన్నప్పుడు ఆయన ఇక్కడ వరి కోసిన రోజుల కథలు, నేను మా అత్తగారి కథలు. వారం వారం నడక తగ్గింది, కథలు పెరిగాయి. ఇప్పుడు మూడో ఫ్లోర్‌కి ఎక్కుతూనే పిల్లల డౌట్లు క్లియర్ చేస్తున్నా. ఐదు రౌండ్లు, నాన్‌స్టాప్. నేనేనా అనిపిస్తుంది.

ఆరో రౌండ్ ఈ ఆదివారం ఇద్దరం కలిసి అనుకున్నాం.

ఈ పొద్దున ఒక్కదాన్నే వెళ్లాను. పక్కన ఆయనున్నట్టే గట్టిగా ముచ్చట పెడుతూ పరుగెత్తాను. జనం చూశారు. చూడనీ.

ఆరో రౌండ్ సగంలో ఏడుపొచ్చింది. మాట రాలేదు.

ముచ్చట బందైంది కదా, స్పీడ్ తగ్గించాను.

ఆగలేదు బాబాయ్. ఆరూ అయ్యాయి.

ఇక మీరు మెల్లగా వెళ్లండి. ఆయాసం లేని చోట, ముచ్చట తెగని మనుషుల మధ్య శాంతిగా ఉండండి.