పెన్సిల్‌తో పూడ్చిన ముడతలు

పెయింటర్ మా ఫోటో దుకాణం తలుపులకు రంగు వేయడానికి టర్పెంటైన్ డబ్బా మూత తీశాడో లేదో, నాకు ఖాదర్ సార్ గుర్తొచ్చారు. అనంతపురంలో ఆయన స్టూడియోలో ఏడేళ్లు టచింగ్ చేశాను. అంటే నెగటివ్ మీద, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ముఖంలోని ముడతలు పూడ్చడం. నా పని నున్నగా ఉంటుందని పేరు. పొగరు కూడా ఉండేది.

ఊళ్లో మిగతావాళ్లు ఎదురుగా రెండు లైట్లు వేసి ముఖాన్ని సున్నం కొట్టిన గోడలా తెల్లగా తీసేవారు. సార్ మాత్రం వయసైనవాళ్లకు పక్కనుంచి ఒక్క లైటే వేసేవారు. సగం ముఖం వెలుగు, సగం నీడ. "మిగతా సగం యాడ పెట్నావు సార్?" అని జనం ఎగతాళి చేసేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు.

ఒకసారి సార్ ఎవరిదో పెళ్లి ఫోటోలు తీయడానికని రాయదుర్గం వెళ్లినప్పుడు గార్లదిన్నె వైపు నుంచి నాగమ్మ వచ్చింది. భర్త పోయాడు. ఆయన జీవితంలో దిగింది ఒకే ఫోటో, అదీ సార్ తీసిందే, నెగటివ్ మా దగ్గరే ఉంది. గోడకు పెద్దది కావాలంది. గోడకెక్కే ముఖం తెల్లగా ఉండాలనేది అప్పటి ఆచారం. అడక్కుండానే ప్రతి ముడతా పూడ్చాను, నీడనంతా పలచన చేశాను.

నాలుగు రోజులకు వచ్చిన నాగమ్మ పటాన్ని చాలాసేపు చూసింది.

"ఎవరు పాపా ఈయన?"

"మీ ఆయనేనమ్మా."

"కాదు. ఉన్నింది ఒకే ఫోటో. అదీ పోగొట్టినారు గదా!"

అప్పుడే బస్సు దిగి వచ్చిన సార్ అంతా విన్నారు. దూదిని టర్పెంటైన్‌లో ముంచి, నెగటివ్ మీది నా పనితనాన్నంతా తుడిచేశారు.

"పెన్సిలు గాబట్టి పోతాండాది. బ్లేడుతో నెగటివే గీకింటే ఏం చేసేదానివి?"

గంటలో కొత్త ప్రింటు తడితడిగా తెచ్చి ఆమె ముందు పెట్టారు. నాగమ్మ కంటి కొసన ఉన్న గీతల దగ్గరికి వేలు తెచ్చింది. "ఇదో, ఈడ ఉండాడు. వాన మోడం కోసం పైకి చూసి చూసి పడిన గీతలు ఇవి" అని భోరుమంది. నేనూ ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను.

ఆమె వెళ్లాక సార్ ఒక్క మాటే అన్నారు. "ముట్టుకునేదానికి ముందు అడిగేది నేర్చుకో పాపా."

సార్ ఇప్పుడు లేరు. పెన్సిల్ పోయి కంప్యూటర్ వచ్చింది. ముడతలు తీసేయమని అందరూ అడుగుతారు, తీసేస్తాను, బతకాలి కదా. కానీ ముందుగా ప్రతి ముఖాన్నీ ఉన్నదున్నట్టు ఒక కాపీ తీసి విడిగా దాస్తాను. ఏదో ఒకరోజు ఎవరైనా వచ్చి "ఎవరు పాపా ఈయన?" అంటే, వాళ్ల మనిషిని వాళ్లకు తిరిగి ఇవ్వాలి.