ఊళ్లు తిరగడానికి మార్కుల్లేవు

ఈరోజు ఒక రోగిని చూడనివ్వకుండా వెనక్కి పంపాను. ఆయన వచ్చింది నా కోసం కాదు, మా సర్జరీ విభాగంలో ఆఖరి ఏడు చదువుతున్న పీజీ అమ్మాయి కోసం.

పొద్దున్న పీజీలందరినీ వార్డుల్లోంచి లాక్కొచ్చి సెమినార్ గదిలో కూర్చోబెట్టాను. ఏ విభాగం ఎంత పరిశోధన చేసిందో మధ్యాహ్నంలోగా పైవాళ్లకు మార్కుల్లో పంపాలట. పేపరు అచ్చయితే ఇన్ని, మొదటి పేరుకు ఇన్ని, మూడో పేరుకు ఇన్ని. ఒక అరుదైన గడ్డ గురించి రెండు పేజీలు రాసి, థియేటర్ గుమ్మంలో నిలబడ్డవాడి పేరు కూడా చేరిస్తే అందరికీ మార్కులే. అలాంటివాటిలో నా పేరూ ఉంది. కొన్నిటిని నేను చదవనైనా లేదు.

ఆ అమ్మాయి పని వేరు. హెర్నియాకు మెష్ అనే వల వేసి కుట్టినవాళ్లకు ఏడాది తర్వాత మళ్లీ జారిందేమో చూడటం ఆమె థీసిస్. కుట్లు విప్పాక మావైపు ఎవరూ ఆసుపత్రి మొహం చూడరు. ఈమె ఫోన్లు చేసి బతిమాలుతుంది, బస్సెక్కి ఊళ్లకు వెళుతుంది. తప్పిపోయినవాళ్లు ఇప్పటికే ఎక్కువ. ఇంకొక్కరు తగ్గినా ఆ పనికి విలువ ఉండదని గైడుగా నేనే చెప్పాను. గడువు ఈ వారమే.

మార్కుల్లో మాత్రం ఆమెకు సున్నా. అందరి ముందూ చదివి, "ఊళ్లు తిరగడానికి మార్కుల్లేవమ్మా" అని కూడా అన్నాను.

అప్పుడే గుమ్మంలో ఒక పెద్దాయన, చేతిలో గొడుగుతో. "మా డాక్టరమ్మ రమ్మన్నాది బాబూ. ఉబాలొదిలీసి వచ్చీసాను. ఒక్కపాలి సూసీమనండి." ఉబాలంటే మావైపు వరినాట్లు.

ఆమె లేచింది. కూర్చోమన్నాను. "మీటింగులో ఉన్నాం. రేపు రండి."

"రేపటికి కూలోళ్లు ఊరుకుంటారేటి?" అంటూ వెళ్లిపోయాడు.

మార్కుల పట్టిక పంపాక ఆమె నా గదికి వచ్చింది. "సార్, నాకు మిగిలింది ఆయనొక్కరే. ఫోను ఎత్తట్లేదు."

ఇన్నేళ్లుగా కోసి కుట్టే పని చేస్తున్నాను. కుట్టింది నిలిచిందా లేదా అని చూడటాన్ని మించిన పరిశోధన ఏముంటుంది? దుక్కి చూడకుండా కుప్ప కొలుస్తారని పైవాళ్లను రోజూ తిట్టుకుంటాను. ఈ పూట కుంచం పట్టుకున్నది నేనే.

ఆమెను కారెక్కించుకుని బయల్దేరాను. ఆయన ఊరు శ్రీముఖలింగం దారిలో. మడిలో నారు కట్టలు విసురుతున్నాడు.

"ఏటి బాబూ, మీటింగైపోనాదా?"

"అయిపోయింది. పొద్దున్న తప్పు నాదే. ఒకసారి గట్టెక్కుతారా?"

"నానొచ్చినప్పుడు మీకు కాళీ నేదు. ఇప్పుడు నాకు నేదు. ఈ మడయ్యీవరకూ కూకోండి."

నాట్లు వేస్తున్న ఆడవాళ్లు నవ్వారు. "ఊరికే కూకోడమెందుకూ, డాక్టరుబాబుకీ ఓ కట్ట అందియ్యే" అంది ఒకామె.

జల్లు మొదలైంది. గట్టు మీద పెద్దాయన గొడుగు ఉంది. ఆ అమ్మాయి దాన్ని తెరిచి పట్టుకుంది. నేను తడిశాను.

మడి అయ్యాక ఆయన కాలువలో కాళ్లు కడుక్కుని మోటారు షెడ్డులోకి వచ్చాడు. అలవాటుగా నా చెయ్యి ముందుకు పోయింది. వెనక్కి తీసుకుని పక్కకు జరిగాను. ఆమె మచ్చ మీద అరచెయ్యి ఆనించింది.

"దగ్గండి తాతా. ఇంకా గట్టిగా."

"ఎంత దగ్గమంటావే అమ్మా? పేణం జారీగల్దు."

కుట్టింది నిలిచింది. ఆమె రాసుకుంది.

ఆసుపత్రికి తిరిగి వచ్చాక, రేపు పొద్దున్న అదే గదికి రమ్మని పీజీలందరికీ కబురు పెట్టాను. ఆ అమ్మాయిని ఆ మాట అందరి ముందూ అన్నాను, క్షమించమని అడగడమూ అందరి ముందే జరగాలి. తర్వాత నేను చదవని పేపర్లకు నాకొచ్చిన మార్కులన్నీ తీసేసి, పట్టిక మళ్లీ పంపాను. మార్కుల వరసలో మా విభాగం కిందికి దిగుతుంది. దిగనీ.